రెడ్‌వుడ్ అడవి: మోకాళ్ళ నొప్పులున్న అమ్మ, మూడేళ్ళ పాప... ఏ ట్రెయిల్ (నడక బాట) మంచిది?

పచ్చజొన్న అడిగిన ప్రశ్న

నమస్కారం అండీ. వచ్చే నెల అమ్మానాన్న ఒంగోలు నుంచి వస్తున్నారు. ఒక్కరోజు రెడ్‌వుడ్ అడవికి తీసుకెళ్ళాలి. మేముండేది కాలిఫోర్నియాలో, సన్నీవేల్.

నాన్నకు 72, రోజూ నడిచే మనిషి. అమ్మకు 67, మోకాళ్ళు రెండూ అరిగాయి. చదును నేల మీద పావుగంటో ఇరవై నిమిషాలో నడిచి, కాస్త కూర్చుంటే మళ్ళీ నడవగలదు. మెట్లు, ఎక్కుడు దిగుడు కుదరవు. పాపకు మూడేళ్ళు, స్ట్రోలర్ తప్పదు.

అందరూ మ్యూర్ వుడ్స్ పార్కు అంటున్నారు. కొందరు హెన్రీ కోవెల్, ఇంకొందరు బిగ్ బేసిన్ అంటున్నారు. మా లెక్కకు ఏది సరిపోతుంది? ఎంతసేపు పడుతుంది, ఏం తీసుకెళ్ళాలి? అసలు భయం వేరే ఉంది. ఇరవై నిమిషాల్లో చుట్టి వచ్చేసి "చెట్లే కదా" అనుకుంటారేమోనని. అక్కడ ఏం చూడాలో తెలిసినవాళ్ళు చెబితే మేలు.

ఏటిగట్టు జవాబు

మీ లెక్కకు హెన్రీ కోవెల్. (రాత చూసి మనం కోవెల్ అంటాం, అక్కడివాళ్ళు కౌవెల్ అంటారు. ఎలా అన్నా దారి చెబుతారు.) అందులో రెడ్‌వుడ్ గ్రోవ్ లూప్ అనే ట్రెయిల్ ఉంది, చుట్టి మళ్ళీ మొదలుపెట్టిన చోటికే వస్తుంది. పొడవు 0.8 మైలు, అంటే కిలోమీటరుంపావు. మొత్తం చదును, మట్టిని గట్టిగా అణిచి చేసిన బాట. వీల్‌చెయిర్ వెళ్తుంది, స్ట్రోలర్ సంగతి చెప్పక్కర్లేదు. ఈ లూప్ మీదకు కుక్కల్ని, సైకిళ్ళను రానివ్వరు కాబట్టి పెద్దవాళ్ళు వెనక్కి చూసుకుంటూ నడవాల్సిన పని లేదు.

ఇది గొడ్డలి తగలని పాత అడవి. విస్తీర్ణం 40 ఎకరాలే, అయినా అన్నిటికన్నా పొడుగు చెట్టు 277 అడుగుల దాకా ఉంటుంది. నాలుగు తాటిచెట్లను ఒకదాని మీద ఒకటి నిలబెట్టుకోండి, అంత.

దారి: హైవే 85 మీదుగా హైవే 17 పట్టుకుని, స్కాట్స్ వ్యాలీలో మౌంట్ హెర్మన్ రోడ్ ఎగ్జిట్ తీసుకోండి. మూడున్నర మైళ్ళు పోతే ఆ రోడ్డు గ్రాహమ్ హిల్ రోడ్‌కు తగిలి ఆగిపోతుంది. కుడికి తిరగండి. తర్వాతి సిగ్నల్ హైవే 9, అక్కడ ఎడమకు. ఫెల్టన్ ఊరు దాటి అర మైలు పోయాక పార్కు గేటు ఎడమ చేతికి వస్తుంది. ట్రాఫిక్ లేకపోతే మీకు 45 నుంచి 50 నిమిషాలు.

రెండుచోట్ల జనం దారి తప్పుతారు. ఒకటి, ఈ పార్కు క్యాంప్‌గ్రౌండ్‌కు గేటు వేరు, అది గ్రాహమ్ హిల్ రోడ్ మీద ఉంది. ఫోన్లో ఉత్త పార్కు పేరు కొడితే ఒక్కోసారి అక్కడికి తీసుకెళ్తుంది. రెండోది ఫాల్ క్రీక్. అదీ ఇదే పార్కులో భాగమే, కానీ ఊరికి అవతలి పక్క. అక్కడున్నది ఒకసారి నరికేశాక మళ్ళీ పెరిగిన అడవి, పైగా ఎక్కుడు దారులు. గమ్యం "హైవే 9 డే యూజ్ గేటు" అని గుర్తుపెట్టుకోండి.

కారుకు 10 డాలర్లు. మీ లైబ్రరీలో స్టేట్ పార్క్ పాస్ అరువిస్తారేమో కనుక్కోండి. దొరికితే కారు అద్దం దగ్గర కనపడేలా పెడితే చాలు, ఈ 10 డాలర్లు మిగులుతాయి. డబ్బు కట్టకుండా హైవే పక్కన ఆపి నడిచి వచ్చేవాళ్ళు ఉంటారు గానీ, అమ్మగారితో ఆ పని వద్దు. ఫుట్‌పాత్ లేదు, మలుపుల్లో కార్లు జోరుగా వస్తాయి.

రెస్ట్‌రూమ్‌లు పార్కింగ్ వైపే. లూప్ మీద ఒక్కటీ లేదు. ముందు అక్కడికి వెళ్ళొచ్చి, తర్వాతే నడక మొదలుపెట్టండి. పెద్దవాళ్ళతో, చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు చేసే మొదటి పొరపాటు ఇదే.

వారం మధ్యలో అయితే పొద్దున తొమ్మిదిన్నరకు చేరేలా చూసుకోండి. శనాదివారాలు, అందులోనూ ఎండ బాగా కాసిన రోజు, పది దాటితే 17 మీద సాంతా క్రూజ్ బీచ్‌కి పోయే కార్లతో కదలరు. తిరుగు దారిలో మధ్యాహ్నం మూడు నుంచి అదే గోల. ఎనిమిదిన్నరకల్లా ఇల్లు కదిలి, ఒంటిగంటకు తిరుగు ముఖం పడితే రెండూ తప్పుతాయి.

మబ్బుల వాకిలి

ఏటిగట్టు గారి మాటకు ఒకటి కలుపుతాను. హైవే 17 జామ్ అయితే ఫోను సారటోగా మీదుగా హైవే 9 చూపిస్తుంది. "పది నిమిషాలు ఆదా" అంటుంది, నమ్మకండి. కొండ మీద అన్నీ మెలికలే. కారులో వాంతులయ్యేవాళ్ళు ఒక్కరున్నా ఆ దారి వద్దు. 17 కూడా వంపుల రోడ్డే గానీ అది అరగంట లోపు పని. అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి. పొద్దున పెసరట్టు ఉప్మా లాంటి బరువు టిఫిన్ కాకుండా రెండు ఇడ్లీలతో సరిపెట్టండి. వాంతి బిళ్ళ వేసుకునే అలవాటుంటే బయలుదేరడానికి అరగంట ముందు వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు.

చెట్టుకింద చదువు

"చెట్లే కదా" అన్న భయం గురించి. ఆ మాట ఎందుకు వస్తుందంటే, అందరూ తల పైకెత్తి చూస్తారు. రెండు నిమిషాల్లో మెడ నొప్పి పుడుతుంది, చూడటం అయిపోతుంది. ఈ అడవిని కిందినుంచి మొదలుపెట్టి చూడాలి. అప్పుడు 0.8 మైలుకు గంటన్నర చాలదు. అమ్మగారు మధ్యమధ్యలో ఆగాలి కదా, ఆ ఆగడమే మీకు కలిసొస్తుంది.

ట్రెయిల్ మొదట్లో విజిటర్ సెంటర్ వైపు ఒక బ్రోషర్ దొరుకుతుంది. బాట పక్కన నంబర్లు వేసిన గుంజలు ఉంటాయి. నంబరు దగ్గర ఆగి, ఆ పేరా మీరు తెలుగులో చెప్పండి. అది తీసుకోకుండా నడిస్తే సగం కనపడదు.

ఇక చూడాల్సినవి.

బెరడు. అడుగు మందం దాకా ఉంటుంది, చూడటానికి కొబ్బరి పీచులా నార నారగా. అందులో టానిన్లు (వగరు పదార్థాలు) ఎక్కువ, అందుకే ఆ ఎర్రరంగు, అందుకే పురుగు, బూజు తొందరగా పట్టవు. పైన్ చెట్లకున్నట్టు బంక లేదు, కాబట్టి నిప్పు తొందరగా అంటుకోదు. చాలా చెట్ల మొదళ్ళు నల్లగా బొగ్గు పట్టి ఉంటాయి చూడండి. అవి ఎప్పుడెప్పుడో కాలినవే, అయినా పైన పచ్చగానే ఉంటాయి.

తొర్రలు. మంట పదే పదే ఒకేచోట తింటే మొదలు బోలు అవుతుంది. పాతరోజుల్లో వాటికి అడ్డం కట్టి కోళ్ళను, బాతులను తోలేవారట. లూప్ మీద ఫ్రీమాంట్ చెట్టు అని ఒకటుంది. ద్వారం పొట్టిది, వంగి దూరాలి, లోపలికి వెళ్ళాక నిలబడొచ్చు. చీకటి గుయ్యారం కాబట్టి ఫోను లైటు వేసుకోండి. నేల ఎగుడుదిగుడు. నాన్నగారు, పాప వెళ్ళొచ్చు, అమ్మగారికి మాత్రం వద్దనే చెబుతాను. వంగి బయటకు వచ్చేటప్పుడు మోకాలి మీదే బరువంతా పడుతుంది. 1846లో ఫ్రీమాంట్ అనే సైనికాధికారి అందులో పడుకున్నాడని చెప్పుకుంటారు. కథగానే వినండి.

పిలకలు. ఇది మనవాళ్ళకు చిటికెలో అర్థమవుతుంది. అరటికి పిలకలు వచ్చినట్టే రెడ్‌వుడ్‌కూ మొదట్లోంచి వస్తాయి. తల్లిచెట్టు పడిపోయినా, కాలిపోయినా, నరికినా, దాని చుట్టూ లేచిన పిలకలు గుండ్రంగా నిలబడతాయి. నడుమ ఖాళీ, చుట్టూ ఆరేడు చెట్లు కనిపిస్తే ఆ ఖాళీలో ఒకప్పుడు తల్లి ఉందన్నమాట. పాపతో లెక్కపెట్టించండి. మొదళ్ళ దగ్గర పెద్ద కణితుల్లాంటి బుడిపెలు ఉంటాయి, వాటినిండా నిద్రపోతున్న మొగ్గలే.

కాయలు. ఇంత చెట్టుకు కాయ ఎంతుంటుందో నాన్నగారిని ముందు ఊహించమనండి, తర్వాత నేల మీద చూపించండి. రేగిపండంత, ఒక అంగుళం లోపు. లోపలి విత్తనం టమాటా గింజంత.

ఆకులు. గాలి వీచిన మర్నాడు వెళ్తే కొమ్మలు రాలి ఉంటాయి. కింది కొమ్మల ఆకులు దువ్వెన పళ్ళలా రెండు వరసల్లో పరుచుకుని ఉంటాయి, నీడలో దొరికిన కాస్త వెలుతురును పట్టుకోవడానికి. శిఖరం మీద ఆకులు పొలుసుల్లా కొమ్మకు అతుక్కుని ఉంటాయి, ఎండకూ గాలికీ నీరు పోకుండా. రెండూ వేర్వేరు చెట్లవి అనుకుంటారు, కానీ ఒకే చెట్టువి. రెండు రకాలూ నేల మీద వెతికి పక్కపక్కన పెట్టి చూడండి, మళ్ళీ అక్కడే వదిలేయండి.

పులిచింత. నేలంతా గుండె ఆకారంలో మూడేసి ఆకులతో పరుచుకుని ఉంటుంది. రెడ్‌వుడ్ సోరెల్ అంటారు, మన పెరట్లో మొలిచే పులిచింతకు దగ్గర చుట్టం. మీ అమ్మగారు చూడగానే గుర్తుపడతారు, పందెం. ఇది లోతైన నీడలో బతికేది, ఎండ పొడ తగిలితే నిమిషాల్లో ఆకుల్ని గొడుగు మూసినట్టు కిందికి ముడుచుకుంటుంది. కొమ్మల సందులోంచి ఎండ పడుతున్న చోటు చూసుకుని ఆగండి. వెలుగు మచ్చలో ఉన్నవి ముడుచుకుని, పక్కనే నీడలో ఉన్నవి విచ్చుకుని ఉంటాయి. వెలుగు జరుగుతుంటే ముడత కూడా జరుగుతుంది. ఐదు నిమిషాలు కూర్చుంటే కళ్ళముందే జరిగిపోతుంది. అమ్మగారు కూర్చునే బెంచీ దగ్గర ఇది దొరికితే ఇంకేం కావాలి.

బిర్యానీ ఆకు వాసన. కాలిఫోర్నియా బే చెట్లు కూడా మధ్యలో ఉంటాయి. రాలిన ఆకు ఒకటి నలిపి వాసన చూడండి, మన బిర్యానీ ఆకు కన్నా చాలా ఘాటు. ముక్కుకు ఆనించి గట్టిగా పీల్చకండి, కొందరికి తలనొప్పి వస్తుంది.

తెల్ల రెడ్‌వుడ్. పచ్చదనం లేని, మైనం రంగు ఆకుల పిలక. సొంతంగా ఆహారం చేసుకోలేదు, తల్లిచెట్టు వేరు మీద బతుకుతుంది. ఈ పార్కులో ఉంది. అయితే దాని కోసం బాట దిగి వెతకకండి. విజిటర్ సెంటర్‌లో వాలంటీర్ ఉంటే అడగండి, బాట మీదినుంచే కనపడుతుందో లేదో వాళ్ళు చెబుతారు.

రాళ్ళసీమ

మా కడప వాళ్ళు వస్తే అడిగే మొదటి ప్రశ్న: ఇది ఎర్రచందనమా? కాదండి. ఎర్రచందనం శేషాచలం కొండల్లో పెరిగేది, చిక్కుడు కుటుంబం, గట్టి బరువు చేవ. రెడ్‌వుడ్ సూదాకుల జాతి, మెత్తటి తేలిక కలప. పేరులో ఎరుపు తప్ప చుట్టరికం లేదు.

రెండో ప్రశ్న: కారు దూరే చెట్టు ఏది? ఇక్కడ లేదు. అలాంటి చాన్డలియర్ ట్రీ ఉత్తరాన లెగెట్ దగ్గర ఉంది. పాత బొమ్మల్లో కనపడే యోసెమిటీ చెట్టు 1969లోనే పడిపోయింది, పైగా అది రెడ్‌వుడ్ కాదు, జెయింట్ సెకోయా. అది లావులో మొనగాడు, ఇది పొడవులో.

గోల్డెన్ గేటు అవతల

హెన్రీ కోవెల్ మీద నాకేం కోపం లేదు గానీ, మ్యూర్ వుడ్స్‌ను అంత తేలిగ్గా తీసేయకండి. శాన్ ఫ్రాన్సిస్కో నగరం చూపించే రోజే అడవి కూడా కావాలంటే అదే దారిలో పడుతుంది, గోల్డెన్ గేట్ వంతెన దాటాక 12 మైళ్ళు. లోపల బాట చెక్కలతో, తారుతో వేసింది. బాట మీద వచ్చే చిన్న వంతెనలు గుర్తు పెట్టుకుంటే చాలు: రెండో వంతెన దాకా పోయి తిరిగొస్తే అర మైలు, మూడో వంతెన దాకా అయితే ఒక మైలు. అమ్మగారికి రెండో వంతెన సరిపోతుంది. ఓపిక ఉంటే మూడో వంతెన.

కానీ ముందు జాగ్రత్తలు ఉన్నాయి. 2018 జనవరి నుంచి కారు పార్కింగ్‌కైనా, షటిల్ బస్సుకైనా ముందుగా రిజర్వేషన్ ఉండాలి. లేకుండా వెళ్తే గేటు దగ్గరినుంచే వెనక్కి పంపుతారు. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు, కాబట్టి అక్కడికి వెళ్ళి బుక్ చేసుకుందాం అంటే కుదరదు. రిజర్వేషన్ కాగితాన్ని ఇంట్లోనే ఫోన్లో దించుకోండి. ప్రవేశ రుసుము 16 ఏళ్ళు నిండిన మనిషికి 15 డాలర్లు, పార్కింగ్ డబ్బు వేరు. నేషనల్ పార్క్ వార్షిక పాస్ ఉంటే ప్రవేశానికి పనికొస్తుంది, పార్కింగ్‌కు పనికిరాదు. ఈ తేడా తెలియక గేటు దగ్గర గొడవపడేవాళ్ళు ఎక్కువ. తిరుగు ప్రయాణంలో గోల్డెన్ గేట్ టోల్ పడుతుంది, నగదు తీసుకోరు. లోపల పిక్నిక్ చేయనివ్వరు.

అక్కడ నాకు నచ్చేది ఒక దుంగ అడ్డకోత. 909లో మొలిచి 1930లో పడిపోయిన చెట్టుది. వలయాల మీద ఏడాదుల గుర్తులు పెట్టారు. రాజరాజనరేంద్రుడు 1022లో వేంగి సింహాసనం ఎక్కేనాటికే ఆ చెట్టుకు నూరేళ్ళు దాటాయి. వలయాల్లో ఆ చోటు వేలితో చూపించి చెబితే, చరిత్ర ఇష్టమైన పెద్దవాళ్ళు కదలరు.

ఏటిగట్టు

గోల్డెన్ గేటు గారూ, నలుగురికి లెక్కేయండి. ముగ్గురు పెద్దవాళ్ళకే 45, పార్కింగ్, టోల్ అదనం. సన్నీవేల్ నుంచి పోను గంటన్నర, రాను గంటన్నర. మోకాళ్ళ మనిషికి మూడు గంటల కారు, ఒక గంట నడక. ఇక్కడైతే 10 డాలర్లు, నడకా కారూ సమానం. చెట్లు కూడా ఇక్కడివే పొడుగు, మ్యూర్ వుడ్స్‌లో 258 అడుగులే గరిష్ఠం. నగరం ఎలాగూ చూపించే రోజైతే మీ మాటే సరి, ఒప్పుకుంటాను.

బిగ్ బేసిన్ సంగతి: 1902లో మొదలైన పార్కు, కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో అన్నిటికన్నా పాతది. 2020 ఆగస్టు మంటల్లో దాదాపు అంతా కాలింది, 2022లో కొంత భాగం తెరిచారు. పెద్ద చెట్లు చాలావరకు బతికాయి, మోడులా నిలబడ్డ మాను పొడుగునా పచ్చటి నూగులా చిగుళ్ళు. అది చూడదగ్గదే. కాకపోతే నీడ పోయింది, మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతుంది, సదుపాయాలు అరకొర. మొదటిసారి వచ్చే పెద్దవాళ్ళకు అది వద్దు. రెండోసారి నాన్నగారితో మీరొక్కరు వెళ్ళండి.

పచ్చజొన్న

చాలా థాంక్స్ అండీ, హెన్రీ కోవెల్ ఖాయం. రెండు సందేహాలు. తగిలితే దద్దురు వచ్చే పాయిజన్ ఓక్ అనే మొక్క ఉందని విన్నాం, పాప ఆకులు పీకే రకం. ఇంకా, పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళి చెట్టు కింద కూర్చుని తినొచ్చా?

పసుపుకొమ్ము

పాయిజన్ ఓక్ మామిడి, జీడిమామిడి కుటుంబమే. మామిడికాయ ముచ్చిక విరిస్తే కారే సొన మూతికి తగిలి పొక్కుతుంది చూడండి, ఆ జాతి రసమే ఇదీ, కాకపోతే చాలా ఘాటు. మామిడి సొన పడనివాళ్ళు మీ ఇంట్లో ఉంటే వాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

గుర్తు: ఒక్కో కాడకు మూడు ఆకులు, నడిమి ఆకుకు కాస్త పొడవు తొడిమ, అంచులు వంకర వంకరగా. వసంతంలో నిగనిగలాడే లేత ఎరుపు, వేసవి చివర్లో మందారంలా ఎర్రబడుతుంది. పిల్లలు పీకేది అప్పుడే. చలికాలంలో ఆకులుండవు, ఉత్త పుల్లలు. వాటికీ రసం ఉంటుంది. పులిచింతకూ మూడాకులే, కానీ అది నేలబారుగా మెత్తగా గుండె ఆకారంలో ఉంటుంది, కాడ గట్టిపడదు. పాపకు ఈ తేడా నేర్పడం కష్టం. "చూడాలి, పీకకూడదు" అని ఒక్క నియమం పెట్టండి. లూప్ మీద బాట వెడల్పే, మధ్యలో నడిస్తే తగలదు. బాట అంచున ఫోటో కోసం పొదలోకి అడుగేసినవాళ్ళకే తగులుతుంది.

తగిలిందని అనుమానం వస్తే పది పదిహేను నిమిషాల్లోపు చల్లటి నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బుతో కడగాలి. అది జిడ్డు, ఉత్త నీళ్ళకు పోదు. వేడినీళ్ళు వద్దు. చిన్న సీసాలో ఆ సబ్బు, లీటరు నీళ్ళు కారులో పెట్టుకోండి. దద్దురు వెంటనే రాదు, 12 గంటల నుంచి రెండు రోజుల్లో తేలుతుంది. చెప్పులకు, బట్టలకు, స్ట్రోలర్ చక్రాలకు అంటిన జిడ్డు మిగిలే ఉంటుంది, వాటినీ తుడవండి. కంటి దగ్గర వచ్చినా, ముఖం వాచినా డాక్టర్ దగ్గరకే.

పిడుదులు కూడా ఉంటాయి. వసంతంలో గసగసాలంత పిల్ల పిడుదులు పడిపోయిన దుంగల మీద, ఎండుటాకుల్లో ఉంటాయి. దుంగ కనపడగానే కూర్చోవడం మనవాళ్ళ అలవాటు, అదొద్దు. బెంచీ మీదే కూర్చోండి. ఇంటికి వచ్చాక మోకాలి వెనక, చంకల్లో, పాప జుట్టు మొదళ్ళలో చూడండి. పట్టుకుని ఉంటే సన్నటి ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి, తిప్పకుండా నిటారుగా లాగేయాలి. కిరసనాయిలు, నిప్పు చిట్కాలు వద్దు.

తిండి సంగతి. తినొచ్చు, కానీ పార్కింగ్ దగ్గర ఉన్న పిక్నిక్ బల్లల దగ్గరే. లూప్ మీద వద్దు. మెతుకు రాలినచోట నీలం రంగు జే పిట్టలు, కాకులు మూగుతాయి. అవి పెరిగితే నష్టం మార్బుల్డ్ మర్రెలెట్ అనే సముద్రపు పిట్టకు. అది సముద్రంలో చేప తిని, ఈ ముసలి చెట్ల పైకొమ్మ మీద నాచులో ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. దాని గూడు ఎక్కడుందో మనుషులకు తెలిసిందే 1974లో, బిగ్ బేసిన్‌లో చెట్టెక్కిన ఒక పనివాడి కంటపడి. ఆ ఒక్క గుడ్డునూ జే పిట్టలు, కాకులు తినేస్తున్నాయి. కాబట్టి పులిహోర తిన్నాక బల్ల మీద, బల్ల కింద వేరుశెనగపప్పు ఒక్కటి కూడా మిగలకుండా ఏరేయండి. కరివేపాకు కూడా. "మట్టిలో కలిసిపోతుందిలే" అని విసరకండి.

చెట్టుకింద చదువు

బాట దిగొద్దు అనడానికి ఇంకో కారణం వేళ్ళు. మూడొందల అడుగుల చెట్టుకు తల్లివేరు ఉండదు. వేళ్ళు ఆరు నుంచి 12 అడుగుల లోతుకు మించి పోవు, పక్కలకు మాత్రం 60 నుంచి వంద అడుగులు పాకి, పక్క చెట్ల వేళ్ళతో పెనవేసుకుంటాయి. ఆ బలంతోనే నిలబడతాయి. చెట్టును కావలించుకుని ఫోటో దిగడానికి రోజుకు వందమంది మొదట్లో తొక్కితే మట్టి బిగిసి నీళ్ళు దిగవు. బాటను ఆనుకుని ఉన్న చెట్లు కావలసినన్ని, వాటి పక్కన దిగండి.

ఫోటో అన్నాను కాబట్టి: చెట్టు మొదటినుంచి కొస దాకా ఒకే ఫ్రేములో పట్టదు. ఫోన్లో పనోరమా పెట్టి, ఫోనును అడ్డంగా తిప్పి, కిందినుంచి పైకి నెమ్మదిగా లేపండి. పక్కన మనిషి లేకపోతే కొలత తెలియదు, నాన్నగారిని నిలబెట్టండి. ఎండ పొడలున్న మధ్యాహ్నం కన్నా మబ్బు పట్టిన పొద్దున రంగులు సరిగ్గా వస్తాయి. పొగమంచు ఉన్న పొద్దున వెళ్తే ఇంకో తమాషా. బయట పార్కింగ్ పొడిగా ఉంటుంది, చెట్ల కింద వాన చినుకుల్లా పడుతుంటుంది. ఆకులు మంచును దువ్వి నీళ్ళుగా మార్చి తమ వేళ్ళకు తామే పోసుకుంటాయి. వానలేని వేసవిలో ఈ చెట్లను గట్టెక్కించేది అదే.

మబ్బుల వాకిలి

బట్టల మాట ఎవరూ అనలేదు. సన్నీవేల్‌లో ఎండ చూసి కాటన్ చీరతో బయలుదేరితే చెట్ల నీడలో వణుకుతారు, పదిహేను డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా మామూలే. స్వెట్టర్, మెడకు శాలువా. చీర అంచు నేలకు రాయకుండా కాస్త పైకి కట్టుకోవాలి, లేదా పంజాబీ డ్రెస్సు. హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్న బూట్లు. వాన పడ్డ మర్నాడైతే బాట మీద అక్కడక్కడా నీళ్ళు నిలుస్తాయి, చిన్న చక్రాల మడత స్ట్రోలర్ దిగబడుతుంది, పెద్ద చక్రాలది తీసుకోండి. తడి రోజుల్లో అరటిపండు రంగు, అరటిపండు ఆకారంలో గుల్ల లేని నత్తలు బాట దాటుతుంటాయి. పాపకు అవే అన్నిటికన్నా నచ్చుతాయి. ముట్టుకోనివ్వకండి, ఆ జిగురు తగిలితే తిమ్మిరెక్కుతుంది, చేతి ఉప్పు దానికి పడదు.

గాలి హెచ్చరిక ఉన్న రోజు మాత్రం ప్రయాణం మానుకోండి. వంద అడుగుల పైనుంచి విరిగి పడే కొమ్మ తొడంత లావుంటుంది, పడే ముందు ఒక్కోసారి చప్పుడు కూడా వినపడదు.

ఏటిగట్టు

పాప మారాం చేస్తే ఒక ఉపాయం. పార్కును ఆనుకునే రోరింగ్ క్యాంప్ ఉంది, పాత ఆవిరి ఇంజను రైలు కొండ మీదకు వెళ్ళొస్తుంది, గంటంపావు ప్రయాణం. టికెట్టు, పార్కింగ్ వేరు, ముందే బుక్ చేసుకోవాలి. లూప్ నడుస్తుంటేనే కూత వినపడుతుంది. అయితే అదే రోజు రెండూ పెట్టుకోవాలంటే నడక ముందు, రైలు తర్వాత. రైలు ఎక్కి దిగిన పిల్లలు మళ్ళీ చెట్లను చూడరు.